ఆటల పీరియడ్‌లో చెట్టు కింద కూర్చున్నవాళ్ల కోసం సైకిల్ మార్గదర్శి: మొదటి పావుగంట నుంచి 50 కిలోమీటర్ల దాకా

"బడిలో ఆటల పీరియడ్ అంటేనే భయం. ఇంటర్ కాలేజీలో గ్రౌండే లేదు. ఉద్యోగంలో చేరాక సైకిల్ కొన్నాను, వారం తొక్కి బాల్కనీలో పెట్టేశాను. నాలాంటివాళ్లకు ఇది పడుతుందా?" కాస్త అటూ ఇటూగా ఈ ప్రశ్న చాలామంది అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు మొత్తం ఒక్కచోట వరసగా రాస్తున్నాను.

పడుతుంది. సైకిల్‌కి ఆటగాడి ఒళ్లు అక్కర్లేదు. బంతి పట్టే చురుకు, పరుగెత్తే పిక్కబలం, పక్కవాడిని దాటాలన్న పంతం ఇవేవీ అది అడగదు. వారంలోనే మానేసినవాళ్లను కదిపి చూస్తే దాదాపు ప్రతిసారీ రెండే కారణాలు బయటపడతాయి: సీటు మరీ కిందికి ఉండటం, ఊపిరికి మించి తొక్కడం. మొదటిది మోకాళ్లను పాడుచేస్తుంది. రెండోది, "ఇది నా వల్ల కాదు" అన్న పాత బడి మాటను మళ్లీ గుర్తుచేస్తుంది. అందుకే ఈ రెండింటి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, మిగతావి త్వరగా దాటేస్తాను.

## 1. మొదలుపెట్టే ముందు ఒళ్లు చూసుకోండి

ఏళ్ల తరబడి కుర్చీలో కూర్చుని పనిచేసినవాళ్లు ఈ కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా డాక్టర్‌కి చెప్పి మొదలుపెట్టండి:

- బీపీ, షుగర్, గుండె జబ్బు, ఆస్తమా
- మెట్లు ఎక్కితే ఛాతీలో బరువు, కళ్లు తిరగడం
- మోకాలికి, నడుముకు ఇదివరకు ఆపరేషన్ లేదా పెద్ద దెబ్బ
- గర్భం, లేదా ప్రసవమై కొద్ది నెలలే కావడం

షుగర్‌కి ఇన్సులిన్ తీసుకునేవాళ్లు గ్లూకోజ్ పొట్లం ఎప్పుడూ జేబులో ఉంచుకోవాలి. ఎంత తినాలి, డోసు మార్చాలా అన్నది డాక్టర్ చెప్పాల్సిన మాట.

## 2. సైకిల్: కొనకముందే తొక్కి చూడండి

వెంటనే ఖరీదైన సైకిల్ కొనకండి. తమ్ముడిదో, పక్క ఫ్లాట్‌వాళ్లదో, అద్దెదో నాలుగు వారాలు తొక్కితే మీకేం కావాలో మీకే తెలుస్తుంది. ఆ తర్వాత పెట్టే డబ్బు దండగ కాదు.

మన ఊళ్ల రోడ్లకు, కొత్తవాళ్లకు హైబ్రిడ్ సరైన ఎంపిక అని నా అభిప్రాయం. హ్యాండిల్ తిన్నగా ఉంటుంది, టైరు మరీ సన్నంగానూ మరీ లావుగానూ ఉండదు, వెన్ను సగం నిటారుగా ఉంటుంది. ముందు స్ప్రింగుల ఫోర్కు, లావు టైర్లు ఉన్న ఎంటీబీ (మౌంటెన్ బైక్) చూడటానికి బలంగా కనిపిస్తుంది కానీ తారు రోడ్డు మీద మీ శక్తిలో కొంత దానికే పోతుంది. కిందికి వంగిన హ్యాండిల్ ఉండే రోడ్ బైక్ ఇప్పుడే వద్దు.

విజయవాడ, కాకినాడలాంటి చదును ఊళ్లలో గేర్లు లేని మామూలు సైకిల్‌తో హాయిగా నడిచిపోతుంది. హైదరాబాద్‌లో, విశాఖలో అయితే గేర్లు ఉండాల్సిందే. వెనక 7 గేర్లు ఉంటే చాలు, 21 అన్న అంకె చూసి మోజుపడక్కర్లేదు.

కొనేటప్పుడు ఇవి చూడండి:

- అడ్డగొట్టం మీదుగా నిలబడితే కాళ్ల మధ్య 2 నుంచి 5 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి.
- సీటులో కూర్చుని హ్యాండిల్ పట్టుకుంటే మోచేతులు కొంచెం వంగి ఉండాలి. చేతులు కర్రల్లా చాపాల్సి వస్తే ఫ్రేము పెద్దది.
- చీర, చుడీదార్, లుంగీతో తొక్కేవాళ్లకు అడ్డగొట్టం కిందికి ఉండే ఫ్రేము, చైనుకు పూర్తి కవరు అవసరం. చున్నీని నడుముకు చుట్టి ముడివేయండి, భుజం మీద వదిలితే వెనక చక్రంలో పడుతుంది.
- పాత సైకిల్ అయితే చక్రాన్ని పైకెత్తి తిప్పండి. రిమ్ము బ్రేకు దిమ్మల మధ్య అటూ ఇటూ ఊగితే బాగుచేయించాలి. ఫ్రేము అతుకుల దగ్గర పగులు కనిపిస్తే ఆ సైకిల్ వదిలేయండి, ఎంత చవకైనా సరే.

హెల్మెట్ ఇదే రోజు కొనండి. కనుబొమల పైన రెండు వేళ్ల ఎత్తులో తిన్నగా కూర్చోవాలి, గడ్డం కింద పట్టీలో ఒక్క వేలు మాత్రమే దూరాలి. నుదురంతా కనిపించేలా వెనక్కి పెట్టుకుంటే పెట్టుకోనట్టే.

## 3. అసలు తొక్కడమే రాకపోతే

పెద్దయ్యాక నేర్చుకోవడం సిగ్గుపడాల్సిన విషయం కాదు, కష్టమూ కాదు. వెనక ఒకరు పట్టుకుని పరుగెత్తే పద్ధతి వద్దు. ఆ చేయి వదిలేశారేమో అన్న భయంతోనే బిగుసుకుపోతారు.

1. సీటును పూర్తిగా కిందికి దించండి. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి.
2. 15 ఎంఎం పానాతో పెడల్స్ రెండూ విప్పేయండి. ఎడమవైపు పెడల్ మర తిరగేసి ఉంటుంది, దాన్ని విప్పడానికి గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పాలి. పంక్చర్ షాపులో అడిగినా విప్పిస్తారు.
3. కొంచెం వాలు ఉన్న ఖాళీ చోట నేలను కాళ్లతో తోసుకుంటూ ముందుకు వెళ్లండి. చూపు చక్రం మీద కాదు, పది పన్నెండు మీటర్ల ముందు ఉండాలి.
4. కాళ్లు ఎత్తి అయిదారు సెకన్లు జారగలిగితే బ్యాలెన్స్ వచ్చినట్టే. ఈలోపే బ్రేకుతో ఆగడం కూడా అలవాటు చేసుకోండి.
5. పెడల్స్ తిరిగి బిగించి తొక్కండి. సీటు పెంచడం ఆ తర్వాతి పని.

## 4. సీటు ఎత్తు: సగం సమస్యలు ఇక్కడే

మన దగ్గర కొత్తవాళ్లు సీటు మీద కూర్చునే రెండు కాళ్లూ నేలకు ఆనాలనుకుంటారు. షాపువాళ్లూ అలాగే పెట్టి ఇస్తారు. అలా తొక్కితే మోకాలు ఎప్పుడూ మడతలోనే ఉంటుంది. తొడలు త్వరగా మండుతాయి, మోకాలిచిప్ప ముందు నొప్పి మొదలవుతుంది. పది నిమిషాలకే అలసిపోయి తప్పు ఒంటిదే అనుకుంటారు. తప్పు సీటు రాడ్డు ఎత్తుది.

ఇలా సరిచేయండి:

1. సైకిల్‌ని గోడ పక్కన నిలిపి, ఒక చేయి గోడకు ఆనించి సీటెక్కండి. తొక్కేటప్పుడు వేసుకునే బూట్లతోనే ఎక్కాలి.
2. ఒక పెడల్‌ని పూర్తిగా కిందికి తెచ్చి, దాని మీద మడమ పెట్టండి. కాలు తిన్నగా చాచుకోవాలి. మోకాలు వంగి ఉంటే సీటు పెంచండి, మడమ అందకపోతే దించండి.
3. మడమలతోనే వెనక్కి తొక్కి చూడండి. నడుము కుడికీ ఎడమకీ ఊగితే సీటు ఎక్కువైంది.
4. ఇప్పుడు పాదం ముందు భాగాన్ని, అంటే బొటనవేలి మొదలు దగ్గరి లావు చోటును పెడల్ మీద పెట్టండి. మోకాలు కొద్దిగా వంగుతుంది. మీకు కావాల్సిన ఎత్తు ఇదే.
5. సీటు తిన్నగా, నేలకు సమాంతరంగా ఉండాలి. ముక్కు పైకి లేస్తే తిమ్మిరి, కిందికి వంగితే ఒంటి బరువంతా అరచేతుల మీద పడుతుంది.
6. రాడ్డు మీద గీసి ఉన్న హద్దు గీత బయటికి కనపడకూడదు. కనపడిందంటే ఆ రాడ్డు మీకు పొట్టిది, పొడుగుది వేయించండి.
7. సరైన ఎత్తు దొరికాక రాడ్డు చుట్టూ ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు వేయండి. ఎవరైనా దించినా తిరిగి అక్కడికే పెట్టుకోవచ్చు.

ఈ ఎత్తులో సీటు మీద కూర్చునే నేల అందదు. భయం వేయడం సహజం. అందుకే ఒకేసారి పెంచకండి, రెండు మూడు రోజులకోసారి ఒక్కో సెంటీమీటరు పెంచుకుంటూ పోండి. దాంతోపాటు ఎక్కడం, దిగడం కొత్తగా నేర్చుకోవాలి.

బయల్దేరేటప్పుడు సీటు ముందు, గొట్టం మీదుగా నిలబడండి. కుడి పెడల్‌ని ముందుకు, కొంచెం పైకి తెచ్చి దాన్ని నొక్కండి. సైకిల్ కదులుతుంది, ఒళ్లు దానంతటదే పైకి లేస్తుంది, అప్పుడు సీటులో కూర్చోండి. ఆగేటప్పుడు దీనికి తిరగేసి: రెండు బ్రేకులూ మెల్లగా నొక్కుతూ, సీటు మీంచి ముందుకు జారి, ఎడమ కాలు నేల మీద పెట్టండి. ఖాళీ వీధిలో ఒక సాయంత్రం దీని మీదే గడపండి. సిగ్నల్ దగ్గర పడిపోతామన్న భయం పోయేది ఇలాగే.

## 5. గాలి, బ్రేకు, చైను

గాలి తక్కువైన టైరుతో తొక్కడం ఇసుకలో నడిచినట్టే ఉంటుంది. టైరు పక్కన అంకెలు అచ్చువేసి ఉంటాయి, ఉదాహరణకు 35 నుంచి 65 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) అని. 60 కిలోల మనిషికి మధ్య అంకె, 85 దాటితే పై అంకెకు దగ్గరగా. మీటరున్న నిలువు పంపు ఒకటి ఇంట్లో పెట్టుకోండి. నేను చెప్పే కొనుగోళ్లలో హెల్మెట్ తర్వాత దీనికే రెండో స్థానం. బొటనవేలితో నొక్కి "బాగానే ఉంది" అనుకోవడం లెక్కలోకి రాదు. వారానికోసారి గాలి కొట్టండి.

బయల్దేరే ముందు రెండు నిమిషాల తనిఖీ:

- రెండు టైర్లలో గాలి, గుచ్చుకున్న గాజు ముక్కలు
- ముందు బ్రేకు పట్టి సైకిల్‌ని ముందుకు తోయండి, వెనక చక్రం లేవాలి. వెనక బ్రేకు పట్టి తోస్తే చక్రం ఈడ్చుకుపోవాలి తప్ప తిరగకూడదు.
- బ్రేకు పిడి హ్యాండిల్‌కి తగలకూడదు
- చక్రాల నట్లు, క్విక్ రిలీజ్ పిడులు (పానా లేకుండా చక్రం విప్పేవి) బిగుతుగా ఉన్నాయా
- చైను పొడిగా, కీచుమంటోందా

చైనుకు 150-200 కిలోమీటర్లకోసారి, వానలో తడిస్తే ఆ రోజే పని పడుతుంది. పాత నూలు గుడ్డతో తుడిచి, చైను లూబ్ ఒక్కో లింకుకు ఒక్కో చుక్క వేసి, పెడల్ వెనక్కి తిప్పి, పావుగంట ఆగి పైపైన తుడిచేయండి. నూనె లింకుల లోపల ఉండాలి, బయట కాదు. కొబ్బరినూనె, గ్రీజు పూస్తే దుమ్ము పట్టి నల్లటి ముద్ద కడుతుంది.

## 6. దారి, వేళ

మొదటి నెల దారిలో వెతకాల్సింది అందం కాదు, ఆగకుండా తొక్కే వీలు. సిగ్నళ్లు తక్కువ, పెద్ద బండ్లు తక్కువ, ఇంటి నుంచి రెండు కిలోమీటర్ల లోపు. పెద్ద కాలనీ లోపలి చుట్టు, యూనివర్సిటీ రోడ్లు, ఆదివారం ఖాళీగా ఉండే ఆఫీసుల వీధి ఏదైనా సరే. చుట్టు కొట్టే దారిలో ఇంకో సుఖం ఉంది, అలసిపోతే ఇల్లు దగ్గరే.

హైదరాబాద్ పడమటివైపు ఉండేవాళ్లకు ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023 అక్టోబర్ 1న మొదలైన హెల్త్‌వే అనే సైకిల్ దారి ఉంది. 23 కిలోమీటర్లు, నానక్‌రామ్‌గూడ వైపు ఒక పాయ, నార్సింగి-కొల్లూరు వైపు ఇంకో పాయ. పైన సోలార్ పలకల కప్పు కాబట్టి నీడ దొరుకుతుంది, మోటారు బండ్ల భయం లేదు. అక్కడ వేగంగా పోయేవాళ్లు ఉంటారు, మీరు ఎడమ పక్కన మీ తీరులో వెళ్లండి. విశాఖలో ఆర్కే బీచ్ దగ్గర తెల్లవారి వాహనాలు ఆపే వేళ కొత్తవాళ్లకు బంగారం. భీమిలి దాకా పోవాలన్న ఆశ తర్వాత తీర్చుకోవచ్చు, దారిలో రుషికొండ దగ్గర ఎత్తులున్నాయి. రాజమహేంద్రవరంలో గోదావరి గట్టు, విజయవాడలో ప్రకాశం బ్యారేజీ పరిసరాలు ఆదివారం తెల్లవారి బాగుంటాయి.

ఎత్తు పల్లాల దారి అయితే పోయేటప్పుడు ఎత్తు, వచ్చేటప్పుడు పల్లం ఉండేలా చూసుకోండి. ఎదురుగాలి కూడా పోయేటప్పుడే ఉండాలి. అలసిన కాళ్లతో ఇంటికి ఎదురుగాలిలో రావడమంత నిరుత్సాహం ఇంకోటి లేదు.

ఏప్రిల్, మే నెలల్లో అయిదున్నరకల్లా బయల్దేరి ఏడున్నరకల్లా ఇంట్లో ఉండాలి. చీకటి ఉంటే ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు తప్పనిసరి.

## 7. మొదటి నాలుగు వారాలు: ఊపిరి చెప్పిన వేగం

ఆటలంటే పడనివాళ్లకు బడిలో నేర్పింది ఒకటే: అందరితోపాటు పరుగెత్తు, ఆయాసం వచ్చినా ఆగకు, చివర వస్తే నవ్వుతారు. ఆ అలవాటు సైకిల్ మీదా వెంటపడుతుంది. ఎక్కగానే బలమంతా పెట్టి తొక్కి, కిలోమీటరు దాటకముందే రొప్పుతారు. ఇక్కడ ఎవరూ విజిల్ వేయరు. వేగాన్ని మీ ఊపిరితో కొలవండి.

బడిలో కంఠస్థం చేసిన పద్యం ఏదైనా తొక్కుతూ పైకి చదవండి. ఒక్కో పాదానికి ఒక్కో ఊపిరి చాలితే వేగం సరిగ్గా ఉంది. మాట మాటకీ ఆగాల్సి వస్తే ఎక్కువైంది, తగ్గించండి. మొదటి రెండు నెలలు ఈ పరీక్ష దాటి తొక్కకండి. ఇలా మెల్లగా తొక్కిన గంటలే గుండెకీ కండరాలకీ ఓపిక పెంచుతాయి, వేగం ఆ తర్వాత దానంతటదే వస్తుంది.

- వారం 1: మూడు రోజులు, రోజు విడిచి రోజు, 15-20 నిమిషాలు. ఇంకా తొక్కాలనిపించినా దిగేయండి. ఆ మిగిలిన కోరికే ఎల్లుండి మిమ్మల్ని లేపుతుంది.
- వారం 2: మూడు రోజులు, 25-30 నిమిషాలు.
- వారం 3: రెండు రోజులు 30 నిమిషాలు, ఆదివారం 45.
- వారం 4: రెండు రోజులు 30 నిమిషాలు, ఆదివారం గంట. మధ్యలో చాయ్‌కి ఆగినా ఆ గంట గంటే.

కిలోమీటర్లు లెక్కపెట్టకండి, నిమిషాలే లెక్క. సవారీ దూరం, వేగం నమోదు చేసే స్ట్రావా లాంటి యాప్ పెట్టుకుంటే మొదటి నెల వేగం గడి వైపు చూడకండి, ఇతరుల అంకెలు అసలే వద్దు.

ఒక వారం మొత్తం పోయిందా? జ్వరం వచ్చింది, పెళ్లికి ఊరెళ్లారు, ఆఫీసు రిలీజ్ పడింది. పోయిన వారాన్ని "కవర్" చేయకండి. ఒక వారం వెనక్కి వెళ్లి అక్కణ్నుంచి మొదలుపెట్టండి.

## 8. కాళ్లు ఎంత త్వరగా తిరగాలి, గేరు ఎప్పుడు మార్చాలి

కొత్తవాళ్లు బరువైన గేరులో కాళ్లు మెల్లగా, బలంగా తొక్కుతారు. వ్యాయామం బాగా అవుతుందనుకుంటారు. అయ్యేది మోకాళ్లకు చేటు. తేలిక గేరులో కాళ్లు చురుగ్గా తిరగాలి.

కుడి మోకాలు పైకి వచ్చినప్పుడల్లా లెక్కపెట్టండి. 15 సెకన్లలో 17 నుంచి 20 సార్లు వస్తే బాగుంది, అంటే నిమిషానికి 70-80 చుట్లు. 12 దగ్గరే ఆగితే గేరు తేలిక చేయండి. సీటు మీద ఎగిరెగిరి పడుతుంటే గేరు మరీ తేలికైంది.

గేరు మార్చేటప్పుడు మూడు మాటలు గుర్తుంటే చాలు:

- తొక్కుతూనే మార్చాలి, కానీ ఆ క్షణం కాలి బలం తగ్గించాలి. కటకట శబ్దం వస్తే బలం ఎక్కువ పెట్టారన్నమాట.
- ఎత్తు మొదలవకముందే, సిగ్నల్ దగ్గర ఆగకముందే తేలిక గేరుకు రండి.
- ముందు పెద్ద పళ్లచక్రం, వెనక కూడా పెద్దది (లేదా రెండూ చిన్నవి) కలిపి వాడితే చైను ఏటవాలుగా సాగి త్వరగా అరుగుతుంది.

ఎత్తు ఎక్కేటప్పుడు కూర్చునే తొక్కండి. భుజాలు వదులుగా, చూపు కొంచెం ముందు. చాలకపోతే దిగి నడిపించుకుంటూ పోండి. నడిచినా ఎత్తు ఎక్కినట్టే.

## 9. ఎక్కడ నొప్పి, ఏం మార్చాలి

ఒకేసారి ఒక్కటే మార్చండి, అదీ అర సెంటీమీటరు చొప్పున. రెండు మూడు సార్లు తొక్కి చూసి అప్పుడు ఇంకోటి.

మోకాలి ముందు నొప్పి: సీటు కిందికి ఉంది, లేదా గేరు బరువు.

మోకాలి వెనక నొప్పి: సీటు ఎక్కువ ఎత్తులో ఉంది.

అరచేతుల తిమ్మిరి: సీటు ముక్కు కిందికి వంగిందేమో చూడండి. మోచేతులు వదులుగా ఉంచండి, పట్టు మార్చుతూ ఉండండి.

నడుము, మెడ: హ్యాండిల్ దూరంగానో కిందికో ఉంది. వీలైతే పెంచండి, స్టెమ్ (హ్యాండిల్‌ని సైకిల్‌కి కలిపే ముక్క) పొట్టిది వేయించండి.

పిరుదులు: మొదటి రెండు వారాలు అందరికీ ఉంటుంది, కూర్చునే ఎముకలు అలవాటు పడాలి. మెత్తటి జెల్ కవరు కొనాలనిపిస్తుంది, దూరం పెరిగేకొద్దీ అదే లోపలికి దిగి ఒత్తుతుంది. ప్యాడ్ ఉన్న షార్ట్స్ నయం. వాటి లోపల డ్రాయర్ వేసుకోకూడదు, కుట్లు రాసుకుని పుండ్లు పడతాయి. మూడు వారాల తర్వాతా తగ్గకపోతే సీటు వెడల్పు మీకు సరిపోలేదు.

తొడల మధ్య తిమ్మిరి: దీన్ని ఓర్చుకోవద్దు. సీటు ముక్కు దించి తిన్నగా చేయండి, పది నిమిషాలకోసారి పెడల్స్ మీద లేచి నిలబడండి. అయినా ఉంటే సీటు మార్చాల్సిందే.

ఛాతీలో నొప్పి, ఎడమ చేయి లాగడం, చల్లటి చెమట: వెంటనే దిగి కూర్చోండి, 108కి ఫోన్ చేయండి.

## 10. రోడ్డు మీద

ఎడమ అంచుకు అతుక్కుపోకండి. కంకర, గాజు, డ్రైనేజీ జాలీలు అన్నీ అక్కడే ఉంటాయి, తప్పించుకోవడానికి చోటుండదు. అంచు నుంచి దాదాపు మీటరు లోపలికి, తిన్నటి గీతలో వెళ్లండి. ఆగి ఉన్న కార్ల పక్కన కూడా తలుపు తెరుచుకునేంత దూరం ఉంచండి. ఆటో ప్రయాణికుడి కోసం ఏ క్షణమైనా ఆగుతుందని అనుకునే తొక్కండి. మలుపు తిరిగే ముందు వెనక్కి చూడటం, చేయి చూపడం, తర్వాతే తిరగడం. చెవుల్లో పాటలు వద్దు.

వానలో రోడ్డు మీది తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు జారుతాయి. వాటి మీద మలుపు తిప్పకండి, బ్రేకు వేయకండి. నీళ్లు నిలిచిన గుంట లోతు తెలియకపోతే దిగాల్సిందే.

తెల్లవారి కుక్కల గురించి అందరూ అడుగుతారు. పారిపోతే వెంటపడతాయి. వేగం తగ్గించండి, గట్టిగా ఒక్క అరుపు అరవండి. వదలకపోతే దిగి, సైకిల్‌ని మీకూ దానికీ మధ్య అడ్డం పెట్టి మెల్లగా నడవండి. కరిస్తే పుండును సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి ఆ రోజే రేబిస్ టీకాకు వెళ్లండి.

## 11. పంక్చర్

మన రోడ్ల పక్కన సర్కారు తుమ్మ ముళ్లు ఎక్కువ. ఊరు దాటే ముందు స్పేర్ ట్యూబు, రెండు టైర్ లివర్లు (టైరు అంచును రిమ్ము నుంచి లాగే పుల్లలు), చిన్న పంపు, నట్ల చక్రాలైతే పానా సంచిలో ఉండాలి. ట్యూబు మార్చడం ఇంట్లో ఒకసారి చేసి చూసుకోండి.

1. చక్రం తీయండి, మిగిలిన గాలి వదిలేయండి.
2. వాల్వుకు ఎదురు పక్క నుంచి లివర్‌తో టైరు అంచును బయటికి లాగండి. ఒక్క పక్క చాలు.
3. ట్యూబు తీసి గాలి కొట్టి, రంధ్రం ఎక్కడుందో పెదవుల దగ్గర పెట్టుకుని చూడండి. సన్నటి గాలి తగులుతుంది. టైరులోనూ అదే చోట వెతకండి.
4. టైరు లోపల పాత నూలు గుడ్డ ముక్కతో చుట్టూ తుడవండి. ముల్లు మొన ఉంటే గుడ్డ పోగు దానికి తగులుకుంటుంది. వేలితో వెతికితే వేలికి గుచ్చుకుంటుంది. ఈ మెట్టు మానేసినవాళ్లకే అర కిలోమీటరులో రెండో పంక్చర్ అవుతుంది.
5. కొత్త ట్యూబుకు కొంచెం గాలి పట్టించి, ముందు వాల్వు దూర్చి, తర్వాత చుట్టూ సర్దండి.
6. టైరు అంచును చేతి బొటనవేళ్లతోనే లోపలికి తోయండి. లివర్ వాడితే ట్యూబు నలిగి చిరుగుతుంది. పూర్తిగా గాలి కొట్టే ముందు ట్యూబు ఎక్కడా టైరు కింద చిక్కుకోలేదని చుట్టూ చూసుకోండి.

## 12. తిండి, నీళ్లు

గంటలోపు అయితే నీళ్లు చాలు. పొద్దున్నే అయితే ఒక అరటిపండు తిని బయల్దేరవచ్చు. గంటన్నర దాటితే గంటకో అరటిపండు, లేకపోతే వేరుశనగ చిక్కీ, నాలుగు ఖర్జూరాలు. ఆకలి వేశాక తినడం ఆలస్యమే.

గంటకు అర లీటరు నీళ్లు, ఎండలో ఇంకాస్త ఎక్కువ, పావుగంటకోసారి గుక్కలుగా. చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు కడుతుంటే ఓఆర్ఎస్ కలుపుకోండి. ఇంటికొచ్చాక ఉప్పు వేసిన మజ్జిగ.

## 13. 50 కిలోమీటర్లు, ఆ తర్వాత

నాలుగో వారం తర్వాత ఆదివారం సవారీకి మాత్రమే వారానికి 10-15 నిమిషాలు కలపండి. మూడు వారాలు పెంచితే నాలుగో వారం తగ్గించండి. గంటకు 15 కిలోమీటర్ల లెక్కన 50 అంటే దాదాపు మూడున్నర గంటలు, టిఫిన్‌కి ఆగడంతో నాలుగున్నర. మొదలుపెట్టిన నాలుగైదు నెలల్లో మామూలు మనిషికి ఇది అందుతుంది.

ఈ దశలో గుంపుతో వెళ్లాలనిపిస్తుంది. వెళ్లే ముందు మూడు ప్రశ్నలు అడగండి: సగటు వేగమెంత, ఎక్కడెక్కడ ఆగుతారు, వెనకబడ్డవాళ్ల కోసం ఎవరైనా ఉంటారా? మూడోదానికి తిన్నటి జవాబు రాకపోతే ఆ గుంపు ఇప్పుడు మీకు వద్దు. మీతో సమానంగా తొక్కే ఒక్క స్నేహితురాలో, బావమరిదో దొరికినా చాలు.

ఇంకా దూరం మీద మనసు పడితే బ్రెవెట్లు, అంటే గడువులోపు పూర్తిచేయాల్సిన దూరపు సవారీలు, ఉన్నాయి. మన దేశంలో ఆడాక్స్ ఇండియా కింద జరుగుతాయి, హైదరాబాద్‌లో, విశాఖలో వాటి క్లబ్బులున్నాయి. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కి 20, 400కి 27, 600కి 40 గంటల గడువు. భాగించి చూడండి: తిండికీ పంక్చర్‌కీ ఆగిన సమయంతో కలిపి గంటకు దాదాపు 15 కిలోమీటర్లు. మొదటి, రెండో, మూడో స్థానాలు ఉండవు, గడువులోపు చేరినవాళ్లందరూ సమానమే. ఊపిరి చెప్పిన వేగంతో గంటల తరబడి తొక్కడం నేర్చుకున్నవాళ్లకు ఇది దొరికిపోయే దూరం.

అయితే 100 కిలోమీటర్లు ఒకటి రెండుసార్లు తొక్కాకే పేరు ఇవ్వండి. మధ్యలో కంట్రోల్ పాయింట్లకు (మీరు వచ్చినట్టు నమోదు చేసే చోట్లకు) కూడా విడివిడిగా గడువులుంటాయి, వాటిని కాగితం మీద రాసి హ్యాండిల్‌కి అంటించుకోండి. హెల్మెట్, ముందు వెనక లైట్లు, రిఫ్లెక్టివ్ జాకెట్ ముందురోజు రాత్రే తీసి, లైట్ల చార్జింగ్ చూసి పడుకోండి.